కుట్టక ముందు కోత

వంతెన కొట్టుకుపోయిన వరద వచ్చిన మూడో ఏడు జరిగిన సంగతి ఇది. బైండింగు కొట్టు గోడ మీద నీళ్లు నిలిచిన గీత అప్పటికింకా నడుమెత్తున అలాగే ఉంది. ఎన్నిసార్లు సున్నం కొట్టినా పైకి తేలేది.

ఆ కొట్టు నడిపే ముసలాయన్ని అందరూ మూగ మేస్త్రి అనేవారు. మూగవాడేం కాదు. మాటలు జిగురులాంటివనీ, ఎక్కువైతే కాగితం పాడవుతుందనీ ఆయన నమ్మకం. మూడో తరగతితో బడి మానేశాడు. అయినా చేతిలోకి వచ్చిన ప్రతి పుస్తకంలోనూ నాలుగు పేజీలైనా వేలు పెట్టి కూడబలుక్కుని చదవనిదే కుట్టేవాడు కాదు.

ఆ ఏడు మేనకోడలు ఆయన మేడమీది గదిలో దిగింది. అదే ఊళ్లో టెలిఫోను ఆఫీసులో ఉద్యోగం ఆమెది. మూడు నెలలు సెలవు పెట్టి నవల రాయడానికి వచ్చింది. వస్తూనే తేల్చి చెప్పింది. "సెలవు అయిపోయేలోపు అవ్వలేదనుకో మామయ్యా, ఇక జన్మలో కలం పట్టను. కాగితాలన్నీ నీకే ఇచ్చేస్తా, అట్టలకి అతికించుకో."

మొదటి నెలంతా ఆమె రాసింది ఒక్క అధ్యాయమే. పదకొండుసార్లు. రాసిన ప్రతిసారీ కిందికి తెచ్చి, "ఇదే ఖాయం మామయ్యా, కుట్టెయ్" అనేది. రెండ్రోజులకి కొత్తది తెచ్చి పాతది లాక్కుపోయేది.

పదకొండూ ఆయన చదివాడు. ఒకావిడ తాళం వేసిన రేకు పెట్టె పట్టుకుని చిన్న స్టేషన్లో రైలు దిగుతుంది. మొదటిసారి వాన. నాలుగోసారి ఎండ. ఏడోసారికి తాళం ఇత్తడిదైంది. తొమ్మిదోసారికి పెట్టె పచ్చరంగు వేసుకుంది. అందులో ఏముందో మాత్రం ఎప్పుడూ తెలియలేదు. ఆ పెట్టె ముసలాయన బుర్రలోకి దూరి కూర్చుంది. అన్నం కలుపుతూ అదే ఆలోచన, జిగురు కలుపుతూ అదే. ఉత్తరాలా? చీరలా? ఒట్టి పెట్టెకి ఎవరైనా తాళం వేస్తారా?

అడిగితే పోయేది. అడగడం ఆయన జాతకంలో లేదు.

"ఆవిడింకా రైలు దిగుతూనే ఉందా?" అంది ఆయన భార్య ఒకనాడు, పన్నెండో ప్రతి పట్టుకుని మెట్లు దిగుతున్న పిల్లని చూసి. "పాపం, ఆ మెట్టు మీద నిలబడీ నిలబడీ కాళ్లు వాచుంటాయే తల్లీ!"

"మొదటి పేజీ బాగోకపోతే రెండోది ఎవరు చదువుతారత్తయ్యా?"

"రెండోదంటూ ఉంటే కదా!"

అత్త నవ్వుతాలుకే అంది. కానీ పిల్ల ముఖం మాడిపోయింది. బల్ల మీద కాగితాలు పడేసి, "నావల్ల కాదేమో మామయ్యా" అంది.

ముసలాయన లేచాడు. స్టూలెక్కి, వరద గీతకి చాలా పైన మేకుకి వేలాడుతున్న ఒక పాత పుస్తకం దింపి ఆమె చేతిలో పెట్టాడు. దాని అంచులు ఒకటి లోపలికీ, ఒకటి బయటికీ ఉన్నాయి.

"ఇంత ఘోరంగా ఎవరు చేశారు మామయ్యా?"

"నేనే."

పెద్ద కాగితాన్ని పదహారు పేజీలుగా మడిస్తే దాన్ని ఫారం అంటారు. ఫారాలన్నీ వరసగా పేర్చి, కుట్టి, వెన్నుకి జిగురు పట్టించి, చిట్టచివర్న అంచులన్నీ ఒక్కసారే కోయాలి. పని నేర్చుకునే రోజుల్లో ఆయన ఆత్రం ఆపుకోలేక ఏ ఫారానికా ఫారం ముందే కోసి నున్నగా తయారుచేశాడు. విడిగా చూస్తే ఒక్కోటీ అద్దమే. కుట్టాక చూస్తే పళ్లూడిన దువ్వెన. సరిచేయబోయి మళ్లీ కోస్తే అక్షరాలే తెగిపోయాయి. గురువు తిట్టలేదు, కొట్టలేదు. ఆ పుస్తకాన్ని ఏడాదిపాటు ఈయన కూర్చునే చోటికి ఎదురుగా వేలాడదీశాడు. గురువు పోయాక కూడా ఈయన దాన్ని పారెయ్యలేదు.

మేనకోడలు సగం తెగిన అక్షరాల మీద వేలు రాసి చూసింది. "నున్నగా చేసిన కొద్దీ చిక్కిపోయిందన్నమాట."

"ఊఁ."

ఆయన తెల్లకాగితాలు మడిచి ఒక ఖాళీ ఫారం చేసి ఆమె ముందు పెట్టాడు. "రెండ్రోజులకొకటి రాసి నాకియ్యి. ఈ నొక్కుడు మరలో పెట్టి బిగించేస్తా. అన్నీ వచ్చేదాకా విప్పను."

ఆ ఏడాది మొత్తంలో ఆయన చేసిన పెద్ద ప్రసంగం అదేనని భార్య ఇప్పటికీ అంటుంది.

ఆ పద్ధతి పనిచేసింది. ఫారాలు ఒక్కోటే దిగసాగాయి. ముసలాయన వాకిట్లో వెలుతురున్నంతసేపు చదివి, ఇనప మరలో పెట్టి బిగించేవాడు. పెట్టె పట్టుకున్నావిడ ఊళ్లోకి వచ్చింది. అన్నతో దెబ్బలాడింది. పెట్టె మంచం కిందికి చేరింది.

పద్నాలుగో ఫారంలో వచ్చింది తంటా. పదో ఫారంలో పడవ మునిగి చచ్చిపోయిన అన్న ఇక్కడ అద్దం ముందు కూర్చుని గడ్డం గీసుకుంటున్నాడు.

ముసలాయన వేలు అక్కడే ఆగిపోయింది. చెబితే పిల్ల వెనక్కి పోతుంది. వెనక్కి పోయిందంటే మళ్లీ ఆ రైలు స్టేషనే. చెప్పకపోతేనో? తలకిందులుగా పడ్డ ఫారాన్ని కుట్టాక కనిపెడితే పుస్తకమంతా విప్పాలి. రెండు రోజులు ఆయనకి ముద్ద దిగలేదు.

"అలా ఉన్నారేం? ఎవరైనా పోయారా?" అంది భార్య.

"పోయినవాడు తిరిగొచ్చాడు."

ఆవిడ గుండె మీద చెయ్యేసుకుంది.

మూడోనాడు మేనకోడలే మెట్లు రెండేసి చొప్పున దూకుతూ వచ్చింది. "మామయ్యా, చచ్చినవాడి చేత గడ్డం గీయించాను! మర విప్పు. మొదట్నుంచీ సరిచేసుకొస్తా!"

ఆయన మరకి అడ్డంగా నిలబడ్డాడు. చేతిలో ఎర్రకాగితం చీలిక ఒకటి ఉంది. కుట్టబోయే దొంతరలో తప్పు కనబడితే పని ఆపకుండా, అక్కడ ఎర్ర చీలిక దోపి ముందుకెళ్లడం కొట్టు పద్ధతి. కుట్టే ముందు చీలికలన్నీ ఒక్కసారే చూసుకుంటారు.

"దీని మీద రాయి."

"రాస్తే సరిపోతుందా? వాడు ఉన్నాడో పోయాడో నాకు తేలాలిగా!"

"ఇకముందు కథకి ఏం కావాలి?"

ఆమె కాసేపు గోడ మీది గీత వైపు చూసింది. "ఉంటేనే బాగుంటుంది. ఆవిడతో పోట్లాడేవాడు ఒకడుండాలి."

"అయితే ఉన్నాడనుకునే రాయి."

చీలిక మీద 'అన్న మునగలేదు' అని రాసింది. ఆయన మరని అరచుట్టు సడలించి, చివర బయటికి కనిపించేలా దాన్ని పదో ఫారంలో దోపి, మళ్లీ బిగించాడు. ఆమె ఖాళీ ఫారం ఒకటి తీసుకుని పైకెళ్లిపోయింది.

తర్వాత చీలికలు పెరిగాయి. దొంతర నాలుకలు చాపిన గుంపులా తయారైంది. సెలవు ఆఖరి రోజు సాయంత్రం ఇరవై ఎనిమిదో ఫారం కిందికి దిగింది. ముసలాయన ఆత్రంగా చదివాడు. ఆవిడ తిరుగు రైలెక్కింది. అన్న సాగనంపాడు. పెట్టె చేతిలోనే ఉంది. తాళం తాళంలాగే ఉంది.

"అయిపోయింది మామయ్యా!" అంది మేనకోడలు. నవ్వుతోందో ఏడుస్తోందో ఆమెకే తెలియనట్టుంది. "చెత్తగా ఉందా?"

"అయింది" అన్నాడాయన. ఆ మాట చాలన్నట్టు ఆమె మెట్ల మీదే కూలబడింది.

మర్నాడు పొద్దున్న ఆమె ఆఫీసుకి వెళ్లాక ముసలాయన మర విప్పాడు. ఇరవై ఎనిమిది ఫారాలూ వరస తప్పకుండా బల్ల మీద పెట్టాడు. దబ్బనానికి దారం ఎక్కించలేదు. కొత్త ఎర్రకాగితం తీసి, మిగతావాటికంటే జానెడు పొడుగ్గా ఒక చీలిక చించాడు. పెన్సిలు నాలుకకి తడిచేసుకుని, మూడో తరగతి అక్షరాలతో 'పెట్టెలో ఏముంది?' అని రాసి, మొదటి ఫారంలో దోపాడు.