గవ్వలలంకకు ఏ రేవు?

నేను ఒక గోడ పటాన్ని. ముతక గుడ్డ మీద కాగితం అతికించి, చేత్తో రంగులు వేసిన మండల పటాన్ని. గోదావరి పాయలూ వాటి మధ్య లంకలూ అన్నీ నా ఒంటి మీదే ఉంటాయి. పుట్టగానే తహసీల్దారు ఆఫీసులో మేకుకు ఎక్కాను.

వరదొస్తే నా ముందు పెద్ద పంచాయితీ. ఉన్న ఒక్క మోటారు పడవను ఏ రేవులో ఉంచాలన్నదే తగువు. రెవెన్యూ ఇన్‌స్పెక్టరు సుబ్బారాయుడు గారు రేవు నుంచి లంకకు దారం పట్టి కొలిచేవారు. పడవ నడిపే ధర్మయ్య ఊరుకునేవాడా! "దారమైతే ఇసకమేటల మీంచి ఎల్లిపోద్దండి. పడవెల్లదు కదండీ, ఆయ్!" అనేవాడు. అరుచుకునేవారు, అలిగేవారు, చివరికి పొద్దువాలాక ఏదో ఒక రేవు ఖాయం చేసేవారు. తెలియని చోటే మీ మనుషులకు గొంతు పెద్దది. అయినా నా మీద తిరిగిన ఆ వేళ్ల కోసం ఇప్పటికీ మొహం వాచి ఉన్నాను.

తర్వాత కంప్యూటరులోకి మ్యాపు వచ్చింది. నా మీదున్న ఇసుకమేటలు నేను పుట్టినప్పటివి. దానికి మొన్నటివి కూడా తెలుసు.

ఈ ఏటి వరదలో గవ్వలలంక నుంచి ఫోను. నిండు గర్భిణి మంగతాయారుకు నొప్పులు మొదలయ్యాయట. తహసీల్దారు విశాలాక్షి గారు తెర మీద నీటిమట్టం, మేటలు చూసి, టీ చల్లారేలోపే తేల్చేశారు.

"ధర్మయ్యా, పాత రేవు వద్దు. కొబ్బరితోట రేవు నుంచి వెళ్లు. ఆస్పత్రి నర్సును కూడా ఎక్కించుకో."

"ఆయ్, అలాగేనండి."

అంతే. ఎవరూ కాదనలేదు. సుబ్బారాయుడు గారు అలవాటుగా జేబులో దారం తడుముకుని, చెయ్యి బయటికి తీసేశారు. నాకు అసూయ కలిగింది, దాచను. కానీ ఆ తెర చెప్పిందే నిజం కావాలని కోరుకున్నాను. తప్పితే పోయేవి రెండు ప్రాణాలు.

నిజమే అయింది. పడవ వేళకు అందింది. బిడ్డ పడవలోనే పుట్టాడు. ఆస్పత్రి బండి వచ్చేదాకా ఉంచుదామని ఇద్దరినీ ఆఫీసులోకి తెచ్చారు. నేలంతా తడి.

"పరవడానికేదైనా చూడండి మేడమ్!" అంది నర్సు.

సుబ్బారాయుడు గారు నన్ను దించి, దులిపి పరిచారు. పైన చీర మడతేసి తల్లినీ బిడ్డనూ పడుకోబెట్టారు. కాసేపటికి పిల్లాడు ఉచ్చ పోశాడు. చీర తడిసింది, గవ్వలలంక దగ్గర నా రంగు పాకింది.

"అయ్యో, మ్యాపు పాడైపోద్దండి!" అన్నాడు ధర్మయ్య.

"పోనీవయ్యా, దాంతో ఇంకేం పని?" అన్నారు సుబ్బారాయుడు గారు.

నిజమే, పనేమీ లేదు. బయట బండి హారను మోగింది. బిడ్డను పైకెత్తుతుంటే, ఇంకాసేపు ఉంచండమ్మా అని బతిమాలాలనిపించింది. నోరేదీ?