సున్నం తిన్న అజేలియాలు

నేను ఒక పిచికారీ డబ్బాని. ప్లాస్టిక్ ఒళ్లు, ఇత్తడి మూతి. ఏం పోస్తే అది చిమ్మాలి. ఎందుకని అడిగే హక్కు నాకెవడూ ఇవ్వలేదు. ఫ్యాక్టరీ అచ్చులోంచి ఊడిపడి మొదట ఓ మిరప రైతు చేతికొచ్చాను. ఆకు ముడిస్తే మందు, ముడవకపోతే ముందుజాగ్రత్తకి మందు! నాకే తల తిరిగేది. ఆయన పొలం కౌలుకిచ్చేశాక కడియం నర్సరీలో నూకరత్నం దగ్గరికి చేరాను.

ఆవిడా, మరిది సూరిబాబూ కలిసి నడిపే తోట అది. అందరూ వద్దన్నా చలికొండల మీంచి అజేలియా పూలమొక్కలు తెచ్చి నీడవల కింద కుండీల్లో పెంచింది. దసరా వెళ్లిన కొన్నాళ్లకి అవి పసుపెక్కాయి.

"సెప్పానా వదినా, మన ఎండలకి ఇయ్యి ఆగవని? కార్తీకం దాకా సూత్తాను. తర్వాత పీకేసి క్రోటన్లు పెట్టేత్తాను," అన్నాడు సూరిబాబు.

"పీకు, సేతులిరగ్గొడతాను!"

అంది నూకరత్నం. పురుగే అనుకుని నాలో మందు పోసింది. కొట్టాను. పసుపు ఇంకా పెరిగింది. మళ్లీ పోసింది. లేని పురుగుని నేనెలా చంపేది? ఆకు పసుపెక్కితే చాలు, విషం వెతుక్కుంటారు మనుషులు!

చివరికి ఆకు తిరగేసి చూసింది. వెనక పురుగు లేదు, దాని నల్లటి రెట్ట చుక్కలూ లేవు. లేతాకుల్లో ఈనెలు పచ్చగా, మధ్యంతా పసుపు. పక్కన కుండీల్లోకి మార్చకుండా నల్ల కవర్లలోనే మిగిలిన అవే మొక్కలు మాత్రం నిగనిగలాడుతున్నాయి.

కుండీ వైపు చూసి నెత్తి కొట్టుకుంది. పండగకి ఇంటి గోడలతో పాటు కుండీలకీ సున్నం వేయడం వాళ్ల ఆనవాయితీ. మెరవాలని అంచుల మీంచి మట్టిలోకి కారేలా పూసింది తనే. పుల్లటి మట్టి కావాల్సిన మొక్కకి సున్నం పడితే మట్టిలో ఇనుమున్నా అందదు.

"సూరిబాబూ, సున్నం నేనే తినిపించానయ్యా ఈటికి!"

ఇద్దరూ పాతమట్టి దులిపి, కొబ్బరిపొట్టు, చివికిన ఆకుఎరువు కలిపి కొత్త కుండీల్లో నాటారు. నన్ను సబ్బునీళ్లతో కడిగి, ఇనుమునిచ్చే అన్నభేది, పులుపుకి నిమ్మఉప్పు కలిపిన నీళ్లు పోశారు. హమ్మయ్య! ఇన్నాళ్లకి బతికించే పని దొరికింది.

కొద్దిరోజులకే నా మూతి అరిగి, షెడ్డు పక్క పాత సామాను కుప్పలో పడ్డాను. అక్కణ్నుంచే చూశాను. కార్తీకం వెళ్లిన మర్నాడు, తను పెట్టిన గడువు ప్రకారం, సూరిబాబు క్రోటన్ల బండితో వచ్చి, వంగి, ఆగిపోయాడు. చిగుళ్లన్నీ ఆకుపచ్చగా ఉన్నాయి, ఓ కొమ్మ చివర మొగ్గ.

"ఇదేటొదినా, మొగ్గా?"

"మొగ్గ కాక, నీ క్రోటన్లకి మేనమామా? బండి తిప్పు."

తిప్పాడు. నూకరత్నం మట్టిలోనే కూలబడి, కొంగు నోటికడ్డం పెట్టుకుని, ఏడుస్తూ నవ్వింది.