సింకు కాపలా

నాలుగో అంతస్తు మెట్ల మలుపులో తెల్లెర్వో బకెట్టు దించి చెయ్యి మార్చుకుంది. పొద్దుటి నుంచి ఇది మూడోది. ఫిన్లాండ్‌లో, తాంపెరే నగరంలోని ఆ పాత మేడలో గొట్టాలకు ఎనభై ఏళ్ళు. గోడలు పగలగొట్టకుండా, వాటిని ఉన్నచోటే గీకి, ఆరబెట్టి, లోపల పూత పూస్తున్నారు. అందాకా ఇళ్ళల్లో నీళ్ళు రావు. కింది కుళాయి నుంచి మోసేది ఎవరని ఇంట్లో ఎవరూ అడగలేదు. ఆమె కూడా అడగలేదు.

"కాఫీ అవలేదా ఇంకా?" పేపర్లోంచి తలెత్తకుండా అన్నాడు భర్త తాయిస్తో.

"నీళ్ళు ఇప్పుడేగా వచ్చాయి."

"వాటంతటవే నడిచొచ్చినట్టు చెప్తున్నావే!" అని తన హాస్యానికి తనే నవ్వుకున్నాడు.

పొద్దున్నే వాళ్ళ వంటింటి మురుగు గొట్టానికి పూత పూసి వెళ్ళారు. సాయంత్రం ఆరు దాకా చుక్క పడకూడదు. పడిందా, ఐదంతస్తుల పనీ పాడే. సింకు మీద ఆ మాటే రాసి కాగితం అంటించారు. కానీ చల్లారిన కాఫీ అడుగు సింకులో ఒంపేయడం తాయిస్తోకి ముప్పై నాలుగేళ్ళ అలవాటు. నిన్న ఆరబెడుతున్నప్పుడు రెండుసార్లు చెయ్యి పట్టుకుని ఆపింది. "పోలీసులా నించున్నావేమిటే" అన్నాడు.

మొన్న పనికొచ్చిన వెన్లా అనే అమ్మాయి గొట్టంలోకి కెమెరా దింపి తెర మీద చూపించింది. కొవ్వు, కాఫీ మడ్డి పేరుకుని దారి వేలెడే మిగిలింది.

"ఇన్నాళ్ళూ ఇంత సందులోంచే ఎలా పోయాయండీ నీళ్ళు?" అంది వెన్లా.

తెల్లెర్వోకి తెలుసు ఎలా పోతాయో. "బాగవుతుందా?" అని మాత్రం అడిగింది.

"లోహం ఇంకా మిగిలుంది కదా, పూత పట్టుకుంటుంది. పూర్తిగా తినేశాక పూస్తే దేన్ని పట్టుకుంటుంది చెప్పండి?"

గొట్టాల పని కోసం నేలమాళిగలో అందరి కొట్లూ ఖాళీ చేయించారు. అలా బయటపడి వాకిట్లోకి చేరింది తెల్లెర్వో వాళ్ళమ్మ మగ్గం. కొత్త కాపురంలో అత్తగారు, "ఈ చప్పుడుకి నా తల పగులుతోంది. ఓ బిడ్డ పుడితే నీకెలాగూ తీరదులే" అంటే, కొన్నాళ్ళకేగా అని తెల్లెర్వో దాన్ని విప్పి కింద పెట్టింది. అయినా ఇప్పటికీ నిద్ర పట్టేముందు దుప్పటి మీద ఆమె వేళ్ళు పోగును అటూ ఇటూ నడిపే నాడెను విసురుతూనే ఉంటాయి. గుడ్డపీలికల తివాచీలు నేసి, ఎండాకాలం చెరువు వంతెన మీద పరిచి, దేవదారు సబ్బుతో తోమి, తడి కాళ్ళతో అమ్మ పక్కన కూర్చున్న ఆ రోజుల వాసన ఈ వంటింట్లోకి ఎన్నడూ రాలేదు.

"ఆ కట్టెలకి చెత్తబండిని పిలిచాను, రేపు పన్నెండుకొస్తుంది. అరవై దగ్గరపడ్డాక నీకెందుకవి?" అన్నాడు తాయిస్తో నిన్న.

చిన్ననాటి స్నేహితురాలు కెర్తు ఫోన్లో ఇంకోలా అంది: "మా ఊరి నేతగదిలో కిటికీ పక్కన ఒక మగ్గం పట్టే చోటుంది. నాతో వచ్చి ఉండు. శుక్రవారం పదకొండుకి నా వ్యాను మీ వాకిట్లో ఉంటుంది. వస్తే రా, నిట్టూర్పులు మాత్రం వద్దు తల్లీ."

ఇవాళ శుక్రవారం. కింద హారన్ మోగింది. కిటికీలోంచి చూస్తే కెర్తు అప్పుడే మగ్గం దూలాన్ని ఒక్కతే లేపబోతోంది.

తెల్లెర్వో ఏప్రాన్ విప్పింది. సొరుగు అడుగు నుంచి నున్నగా అరిగిన నాడె తీసి కోటు జేబులో పెట్టుకుంది. అప్పుడే తాయిస్తో అడుగు కాఫీ ఉన్న కప్పుతో సింకు వైపు లేచాడు. ఆమె చెయ్యి అలవాటుగా లేచింది. లేచిన చేత్తోనే సింకు మీది కాగితం ఊడదీసి, అతని రెండో చేతిలో పెట్టింది.

చదివాడు. కప్పు గాల్లోనే ఆగిపోయింది. "ఎక్కడికే? సాయంత్రం దాకా దీన్నెవరు కనిపెట్టుకుని ఉంటారు?"

తెల్లెర్వో బూట్లు తొడుక్కుని, తలుపు మెల్లగా దగ్గరికి వేసి, మెట్లు దిగింది.