కంపెనీ అర్థం

పొద్దున ఎనిమిదింటికి యేసురత్నం షట్టరు ఎత్తేసరికి ఆదోని మార్కెట్ యార్డు రోడ్డులో పత్తి ట్రాక్టర్లు బారులు తీరి ఉండేవి. షెడ్డు ముందు ఊడ్చి, నీళ్లు చల్లి, కిరసనాయిలు గుడ్డ భుజాన వేసుకుని మొదటి బండి పక్కన కూర్చునేవాడు. ఆయిలు మార్చడం, చైను బిగించడం, బ్రేకులు సరిచేయడం, పని అందరు మెకానిక్కులూ చేసేదే. ఆయన దాంతోపాటు బండి మీది అక్షరాలకు అర్థం కూడా చెప్పేవాడు.

కొత్త బండి కొన్నవాళ్లు ముందు గుడికో చర్చికో దర్గాకో పోయి, అక్కడినుంచి నేరుగా యేసురత్నం దగ్గరికి వచ్చేవాళ్లు. కంపెనీ ఇచ్చే పుస్తకంలో అర్థాలు ఉంటాయి. ఆర్ అంటే రేసు, ఎస్ అంటే స్పోర్టు, ఈఎస్ అంటే సెల్ఫు స్టార్టు.

"అవి అమ్మేటోల్ల అర్థాలప్పా. తోలేటోల్లవి వేరే ఉంటాయి" అనేవాడు యేసురత్నం. సైడు కవరు మీది అక్షరాలను గుడ్డతో తుడిచి చెవి ఆనించేవాడు. ఆ బండి తోలే మనిషి గొంతుతోనే అక్షరాలు చెప్పేవి. ఒకటి రెండు మాటలు, అంతే.

ఆస్పరి ఓబన్న బండి మీది ఈఎస్ 'ఎదురుసూపు' అంది. ఆ ఏడాది ఓబన్న చేన్లో మూడు బోర్లు వేయించాడు. మూడుసార్లూ ఆ బండి మీదే కూర్చుని, నీళ్లకు బదులు దుమ్ము లేస్తుంటే చూశాడు. తిరుపాల్ బండి మీది సీటీ 'చావుకబురు తెచ్చేది' అంది. అప్పటినుంచి వాళ్ల చుట్టాల్లో ఎవరు పోయినా ఊరూరికీ కబురు మోసే పని తిరుపాల్ మీదే పడింది. అతని బండి సందు మలుపు తిరిగితే చాలు, ఆడవాళ్లు ఏడుపు మొదలుపెట్టేవాళ్లు. దానికి యేసురత్నాన్ని ఎవరూ తప్పుపట్టలేదు. ఇరవై రెండేళ్లలో ఆయన ఒక్క మాట కలపలేదు, ఒక్క మాట దాచలేదు.

అల్లుడి బండికి మాత్రం ఎప్పుడూ చెవి పెట్టలేదు.

అల్లుడు బాలుది ఎమ్మిగనూరు. తండ్రి నీలకంఠం మగ్గం నేస్తాడు. బాలు ఆ వీధిలో నేసిన చీరలన్నీ మూటగట్టి బండి మీద ఆదోని దుకాణాలకు తెచ్చి వేస్తాడు. అట్లాంటి ఒక దుకాణంలోనే యేసురత్నం కూతురు శ్వేత పనిచేసేది. ఆ పెళ్లికి నీలకంఠం, కస్తూరమ్మ ఒప్పుకోవడానికి రెండేళ్లు పట్టింది. ఒప్పుకున్నాక కూడా కస్తూరమ్మ కోడలికి నీళ్ల చెంబు వేరే పెట్టింది. ఆరు నెలల తర్వాత ఒకరోజు, ఎవరికీ ఏమీ చెప్పకుండా, ఆ చెంబు తీసేసింది. ఆ సంగతి శ్వేత ఫోన్లో చెప్పినప్పుడు యేసురత్నం షెడ్డు వెనక్కి పోయి ముఖం కడుక్కుని వచ్చాడు. కూతురు సుఖంగా ఉంది. అల్లుడి బండి ఏమంటే ఆయనకెందుకు?

పత్తి తీతలు జోరుగా సాగుతున్న రోజుల్లో సుంకన్న వచ్చాడు. పెద్దకడుబూరు దిక్కు పల్లె మనిషి, కూలి చేసుకుంటాడు. అతనికి బండి లేదు. బస్సు దిగి నడిచి వచ్చి, చంకలోని తుండుగుడ్డ విప్పి, విరిగిన సైడు కవరు ముక్క ఒకటి తీసి స్టూలు మీద పెట్టాడు. దాని మీద రెండే అక్షరాలు మిగిలాయి. డి, ఎల్.

"మా యెల్లమ్మ పోయిందన్నా. పన్నెండు దినాలాయ" అన్నాడు.

యేసురత్నం చేతిలోని పానా కింద పెట్టాడు.

"పత్తి తీస్తా తీస్తా నీల్లకని రోడ్డు దాటింది. ఎమ్మిగనూరు రోడ్డే. మట్టమద్దేనం. బండోడు గుద్దేసి పోయినాడు. కూలోల్లంతా చేని ఆ పక్కనుండ్రి, ఎవరూ సూడల్యా. డాక్టరేమన్నాడో తెల్సా? అర్ధగంట ముందు తెచ్చింటే బతుకుతాండె అన్నాడు. గుద్దినోడు ఆడే దిగి, బండి మీద ఏసుకోని వచ్చింటే సాలు."

"పోలీసోల్లేమన్నారు?"

"ఈ అచ్చరాల బండ్లు జిల్లాలో వేలుంటాయంట. నువ్వు సెవి పెడితే గొంతు ఇనపడతాది గదన్నా. ఎవరిదో సెప్పు. ఎవరో తెలీకపోతే గొంతు ఎట్లుందో సెప్పినా సాలు."

యేసురత్నం ముక్క చేతిలోకి తీసుకున్నాడు. మట్టి తుడిచాడు. చెవి ఆనించాడు.

డి 'దిగ' అంది. ఎల్ 'లేదు' అంది.

"దిగలేదు మామా."

ఆదివారం ఆదివారం ఫోన్ చేసి భోంచేసినావా మామా అని అడిగే గొంతు. యేసురత్నం చెవి తీయలేదు. తీస్తే ఏదో ఒకటి చెప్పాలి. చెంబు గుర్తొచ్చింది. ఆ ఇంట్లో కూతురు వంటింటి గడప దాటి లోపలికి పోవడానికి ఎన్ని నెలలు పట్టిందో గుర్తొచ్చింది. ఈ మాట బయటికి వస్తే కస్తూరమ్మ ముందు ఎవరిని గెంటుతుందో కూడా ఆయనకు తెలుసు.

"ఇది డి.ఎల్.ఎక్స్. సుంకన్నా. ఎక్స్ ఇరిగిపోయింది. డీలక్స్ అని" అన్నాడు.

"అది కంపెనీ అర్థం గదన్నా."

"అంతే ఉండాది దీంట్లో."

సుంకన్న ఆయన ముఖం వైపు చాలాసేపు చూశాడు. తర్వాత ముక్కను మళ్లీ తుండుగుడ్డలో చుట్టుకున్నాడు. "సరేలేన్నా" అని లేచి పోయాడు.

అతను బస్టాండు దాకా పోయేంత సేపు ఆగి యేసురత్నం బాలుకు ఫోన్ చేశాడు. "సైడు కవరు మార్సు. ఆదోనిలో వద్దు, కర్నూల్లో ఏయించుకో" అన్నాడు. ఎందుకని బాలు అడగలేదు. ఈయనా ఇంకేమీ అడగలేదు.

మరుసటి రోజు ఒక టీచరమ్మ కొత్త బండి తెచ్చింది. యేసురత్నం అక్షరాలు తుడిచి చెవి పెట్టాడు. ఏమీ వినపడలేదు. మళ్లీ తుడిచాడు. ప్లాస్టిక్కు చల్లగా తగిలింది, అంతే. ఆమె నిలబడి చూస్తోంది. "ఎస్ అంటే స్పోర్టు మేడమ్" అన్నాడు. ఆ తర్వాత వచ్చిన బండ్లన్నిటికీ అట్లాగే చెప్పాడు. కొన్నాళ్లకు అర్థాలు అడిగేవాళ్లు తగ్గిపోయారు. ఆయిలు మార్పించుకుని పోయేవాళ్లు.

ఆ నెలలోనే ఒక ఆదివారం ఎమ్మిగనూరులో శ్వేత ఇంటిముందు బండి కడుగుతోంది. లోపల మామ మగ్గం ఆడుతున్న చప్పుడు. కొత్త సైడు కవరు మీద డి.ఎల్.ఎక్స్. తళతళలాడుతోంది. వంగి చక్రం రుద్దుతుంటే ఆమె చెంప ఆ అక్షరాలకు తగిలింది.

"దిగలేదు శ్వేతా" అంది బాలు గొంతు.

ఆమె తలెత్తి చూసింది. బాలు అక్కడ లేడు, వీధి చివరి దుకాణానికి నడిచి పోయాడు. బకెట్లో నీళ్లు మిగిలి ఉండగానే ఆమె లోపలికి పోయి కూర్చుంది. చిన్నప్పుడు షెడ్డులో తండ్రి బండికి చెవి ఆనించి కూర్చోవడం ఎన్నిసార్లు చూసిందో. అది తన దాకా వస్తుందని అనుకోలేదు.

బాలు వచ్చి అన్నానికి కూర్చున్నాక అడిగింది. "యాడ దిగలేదు నువ్వు?"

బాలు చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. అబద్ధం చెప్పడానికి ప్రయత్నం కూడా చేయలేదు.

"బండి ఆపినా శ్వేతా. వెనక్కి తిరిగి సూసినా. ఆయమ్మ కండ్లు తెరిసే ఉండె. చెయ్యి కూడా పైకెత్తింది. నేను కాలు కింద పెట్టినా. మల్లా తీసేసినా."

"ఎందుకు?"

"వెనక చీరలుండె. నలభై చీరలు. రక్తమయితాయనుకున్నా."

 బాలు గొంతు తగ్గించాడు. "మీ నాయనకు తెల్సు. కవరు మార్చమని సెప్పిందే ఆయన. ఆయప్పే ఊరకుండాడు. నువ్వూ ఊరకుండు. మా అమ్మకు తెలిస్తే ఈ ఇంట్లో నీ బతుకు ఏమయితాదో సూసుకో."

మరుసటి రోజు పొద్దున ఆదోని బస్సెక్కి ఆమె షెడ్డుకు వచ్చింది. యేసురత్నం ఇంజను విప్పి కూర్చున్నాడు. కూతుర్ని చూసి లేవబోయాడు, ఆమె ముఖం చూసి కూర్చుండిపోయాడు.

"నీకు తెల్సా నాయనా?"

"తెల్సు."

"ఎవర్ని కాపాడినావు?"

"నిన్నే."

"నేను అడిగినానా?"

యేసురత్నం గుడ్డతో చేతులు తుడుచుకోవడం మొదలుపెట్టాడు. మసి పోలేదు, తుడుస్తూనే ఉన్నాడు. "ఆ ఇంట్లో నిన్ను నిలబెట్టడానికి ఎంత కష్టమాయనో నీకు తెల్దా తల్లీ" అన్నాడు.

"ఆ పోయినామెది యా ఊరు?"

ఆయన చెప్పలేదు. పక్క టీ కొట్టులో అడిగి తెలుసుకుని ఆమె వెళ్లిపోయింది.

సుంకన్న ఇల్లు పల్లె చివర ఉంది. వాకిట్లో మంచం మీద కూర్చుని ఉన్నాడు. శ్వేత నిలబడే ఉన్నదున్నట్టు చెప్పింది. తన పేరు, తండ్రి పేరు, భర్త పేరు, అక్షరాలు అన్న మాట. చీరల సంగతి కూడా దాచలేదు. అది విన్నప్పుడు మాత్రం సుంకన్న కళ్లు మూసుకున్నాడు.

"మీ నాయన ఆ పొద్దే సెప్పినాడమ్మా" అన్నాడు.

"ఏం చెప్పినాడు?"

"కంపెనీ అర్థం సెప్పె. ఇరవై ఏండ్లల్లో ఎవరికీ సెప్పనోడు నాకు సెప్పె. అయినోల్లు ఎవరో ఉండారని అప్పుడే తెల్సింది నాకు."

"మరి స్టేషన్లో చెప్పలేదే?"

"నాకు తెలిస్తే ఏమయితాది? ఇన్నోల్లు నోటితో సెప్పల్ల గదా."

ఇద్దరూ కలిసి స్టేషనుకు పోయారు. ఎస్.ఐ. ఆమె చెప్పింది మొత్తం విని, "ఎన్ని అక్షరాలమ్మా?" అని అడిగాడు.

"మూడు సార్."

"ఎక్స్ ఏమంది?"

"ఏమీ అనలేదు సార్."

"అది కూడా రాసుకో" అన్నాడు రైటరుతో. శ్వేత సంతకం చేసింది. సుంకన్న తుండుగుడ్డతో సహా ఆ ముక్కను బల్ల మీద పెట్టాడు. సాయంత్రానికి బాలును తీసుకొచ్చారు. అతను అన్నీ ఒప్పుకున్నాడు. పాత కవరు పారేసిన కాలువ కూడా చూపించాడు. దాంట్లో ఎక్స్ దొరికింది.

పద్దెనిమిది రోజులకు బాలు బెయిలు మీద ఇంటికొచ్చాడు. వాయిదాలు మొదలయ్యాయి. నీలకంఠం మగ్గం ఒక్కరోజు కూడా ఆగలేదు. కస్తూరమ్మ శ్వేత బట్టలు రెండు సంచుల్లో పెట్టి అరుగు మీద ఉంచింది. వీధిలో అందరికీ వినపడేటట్టు, "కట్టుకున్నోన్ని పట్టిచ్చినదానికి ఈ ఇంట్లో ఏం పని?" అంది. బాలు లోపలే ఉన్నాడు. బయటికి రాలేదు.

ఎమ్మిగనూరు బస్టాండుకు యేసురత్నం వచ్చాడు. బండి స్టాండు వేసి సంచులు అందుకోబోయాడు.

"ఇంటికి పోదాం పా తల్లీ."

"వద్దు నాయనా."

"యాడుంటావు?"

"నీ ఇంట్లో ఉంటే, నాకోసమని నువ్వు ఆ మాట దాచినదానికి నేనూ ఒప్పుకున్నట్టయితాది" అంది శ్వేత. ఆయన చేతిలోంచి సంచి వెనక్కి తీసుకుంది.

పెద్దకడుబూరులో ఒక గది దొరికింది. కూలీల మేస్త్రీ లక్ష్మి వారం చూసి, ఒకరోజు పొద్దున గది ముందు ఆటో ఆపించింది. "యెల్లమ్మ పోయినాక మాకు ఒక మనిషి తక్కువుంది. వస్తావా?" అని అడిగింది. శ్వేత ఎక్కింది. లోపల ఆడవాళ్లు సర్దుకుని చోటిచ్చారు. ఆమె ఎవరో వాళ్లందరికీ తెలుసు. 

పత్తి తీయడం ఆమెకు కొత్త. ఎండిన కాయ మొనలు గోళ్ల సందుల్లో దిగాయి. మధ్యాహ్నానికి రెండు వేళ్లు వాచాయి. నాలుగు సాళ్ల అవతల సుంకన్న కూడా పత్తి తీస్తున్నాడు. పొద్దుటినుంచి ఒక్కసారి కూడా ఇటు తల తిప్పలేదు. సాయంత్రం గట్టు మీద సంచులు వరసగా పెట్టినప్పుడు అందరివీ నిండుగా నిలబడ్డాయి. శ్వేత సంచి సగం కూడా నిండక పక్కకు ఒరిగింది. లక్ష్మి దాన్ని చూసి, మూతి బిగించి కట్టి, మిగతావాటి మీద వేసింది.

"రేపు ఏడింటికే వస్తాది ఆటో. ఎండకు తలకు కట్టుకునే గుడ్డ తెచ్చుకో" అంది.