ఆ బరువు ఎక్కడ దించాడు

పొద్దున్నే పాలు పితికి, సంగటి గెలికి, మొగుడికి పెట్టి పొలానికి పంపించాక రంగనాయకమ్మ వీధి తిన్నె మీద కూర్చునేది. చేతిలో ఏదో ఒక పని ఉండేది. చింతపండులో గింజలు తీయడమో, రాగుల్లో రాళ్లు ఏరడమో. కాసేపటికి ఊళ్లో వాళ్లు ఒక్కొక్కరే వచ్చి పక్కన కూర్చునేవాళ్లు. పచ్చయమ్మాళ్ అల్లుడి తాగుడు గురించి చెప్పేది. వడివేలు ఎండిపోయిన బోరు గురించి చెప్పేవాడు. రంగనాయకమ్మ పని ఆపకుండానే ఊఁ కొట్టేది. చెప్పడం అయ్యాక వాళ్లు తేలిగ్గా లేచి వెళ్లిపోయేవాళ్లు. వాళ్లు వదిలిన బరువు ఆమెలోకి చేరేది.

మాటవరసకు అంటున్నది కాదు, నిజంగానే చేరేది. చూస్తే ఎండిన మునక్కాయలా ఉంటుంది మనిషి. కానీ ఆమె కూర్చుంటే మంచం నులక తెగేది. బస్సెక్కితే కండక్టర్ తనే లేచి వెనక చక్రం మీది సీటు చూపించేవాడు. ఆస్పత్రిలో బరువు చూసే మెషిన్ ఎక్కితే ముల్లు ఒక చుట్టు తిరిగొచ్చి మళ్లీ మొదట్లోనే ఆగింది. డాక్టరమ్మ కాల్షియం మాత్రలు రాసి, కొన్నాళ్లు ఎవరి కష్టాలూ వినొద్దని చెప్పింది. ఊరికి మాత్రం ఇందులో వింతేమీ లేదు. ఒక్కో ఊళ్లో ఒకరు తేలు కాటుకు మంత్రం వేస్తారు, ఒకరు బెణుకు తీస్తారు. ఈ ఊళ్లో రంగనాయకమ్మ బరువు మోస్తుంది. అంతే.

వానలు పడితేనే చిక్కు. పోయిన ఏడు కర్రపెండలం తోటలో నడుస్తూ నడుస్తూ మోకాళ్ల దాకా దిగిపోయింది. నడుముకు తాడు కట్టి ట్రాక్టరుతో లాగాల్సి వచ్చింది. డాక్టరమ్మ ఈసారి మాత్రలు రాయలేదు. రంగనాయకమ్మ మొగుడు సుబ్బరాయన్‌ని పక్కకు పిలిచి, "ఇంకో వానాకాలం ఇట్లాగే గడిస్తే మీ ఆవిడని నేల మింగేస్తుంది" అని చెప్పింది. సుబ్బరాయన్ తల ఊపి వచ్చాడు. తాడు కట్టి లాగించిన వాళ్లే మర్నాడు తిన్నె మీద వరసగా కూర్చున్నారు.

సుబ్బరాయన్‌కి ఆ మాట చెవిన పడకపోలేదు. కాకపోతే ఆయన మనసంతా ఎప్పుడూ ఏదో ఒక అనుమానం ఆక్రమించుకుని ఉంటుంది. ఆయన పుట్టుకే అనుమానం పుట్టుక. కొట్టువాడు తూకం తగ్గిస్తున్నాడని ఎవరికైనా అనుమానమే. సరిగ్గా తూస్తే సుబ్బరాయన్‌కి ఇంకా పెద్ద అనుమానం. పెళ్లైన కొత్తలో రంగనాయకమ్మ నీళ్లకు వెళ్తే, బిందె నిండటానికి ఎంతసేపు పడుతుందో చూడాలని ఆయన కూడా ఓ బిందె పట్టుకుని వెళ్లాడు. ఇప్పుడు తల నెరిసింది, అనుమానం మాత్రం నిగనిగలాడుతూనే ఉంది.

ఈసారి దానికి మేత వేసినవాడు పాస్టర్ ధర్మరాజ్. నల్లంపల్లి దగ్గర హైవే పక్కన పంక్చర్ షాపు వెనక రేకుల షెడ్డు ఒకటి ఉంది. అక్కడ ప్రార్థన చేయించే ఆ కుర్ర పాస్టర్ ఆదివారం సాయంత్రాలు సినిమాలు వేయడం మొదలుపెట్టాడు. దేవుడి సినిమాలు కూడా కావు. ఆకాశంలో ఎగిరే తెల్లవాళ్లు, బిల్డింగులు మోసేవాళ్లు, ముసుగులు కట్టుకున్న వీరులు. మధ్యమధ్యలో బొమ్మ ఆపి, ఇదిగో ఇక్కడ మన ప్రభువు కనిపిస్తున్నాడు చూడండి అంటాడట. అంతకన్నా ఘోరం, ఆ తెల్లవాళ్లు తెలుగు మాట్లాడతారట. తమిళ సీమైనా ఊళ్లో తెలుగిళ్లు ఎక్కువని ఎవరో తెలుగు గొంతులు పెట్టిన సినిమాలే పెన్ డ్రైవ్‌లో వేసిచ్చారు. తరతరాలుగా ఇంట్లో తప్ప బయటెక్కడా వినిపించని మాట ఆ తెల్లవాడి నోట్లోకి ఎలా వెళ్లింది? ఊరికే ఎవరూ నేర్పించరు కదా? సుబ్బరాయన్‌కి ఇది పెద్ద ఎత్తున జరుగుతున్న కుట్రలా తోచింది.

అలాంటి చోటికి రంగనాయకమ్మ వెళ్తోందని పచ్చయమ్మాళ్ చెప్పింది.

"నీకు తెలీదా అన్నా? నాలుగు వారాలుగా వస్తా ఉండాది. ముందు వరసలో కూర్చుంటాది, రెప్ప కొట్టదు."

"నువ్వేంటికి పోయినావు?"

"నాకు సినిమా అంటే ఇష్టం" అంది పచ్చయమ్మాళ్, అదేం ప్రశ్న అన్నట్టు చూసి.

ఆ రోజు నుంచి సుబ్బరాయన్ కళ్లలో వత్తులు వేసుకుని పెళ్లాన్ని కనిపెట్టుకుని ఉన్నాడు. ఆమె గుడి మెట్లు ఎక్కడం మానేసింది. అమ్మవారు మారియమ్మకు కింద నుంచే దండం పెట్టి వస్తోంది. వేరుశెనగ చేలో కలుపు తీస్తూ మధ్యలో లేచి, రెండు చేతులూ పక్కలకు బారజాపి కళ్లు మూసుకుని నిలబడింది. అచ్చం సిలువ. గట్టు చాటు నుంచి ఆయన అది చూశాడు. ఇంటికొచ్చి ఆమె దిండు కింద తడిమాడు. పెట్టెలో చీరల మడతలు విప్పి చూశాడు. ప్రార్థన నూనె రాశారేమో అని ఆమె నిద్రపోతుంటే తల వాసన చూశాడు. ఆముదం వాసన వచ్చింది. ఆముదం దేన్ని కప్పిపుచ్చడానికో అనుకున్నాడు.

"ఆదివారం యాడికి పోతా ఉండావు?" అని చివరికి అడిగేశాడు.

"సుమ్మనే పోతా ఉండాను మామా. సినిమా చూసేదానికి."

ఊరికే పోతోందట. ఆ సుమ్మనే అన్న మాట ఆయనకు కంటి మీద కునుకు లేకుండా చేసింది. ఉన్నదంతా ఆమే కదా. రేపు ఆమె ఇంకో దేవుడి మనిషైపోతే కులదేవతకు పొంగలి పెట్టేదెవరు, తను పోతే పక్కన కూర్చుని ఏడ్చేదెవరు? ఈ ఏడు వానలు మొదలయ్యాయన్న సంగతి కూడా ఆయన పట్టించుకోలేదు.

ఆ ఆదివారం ఆమె బయల్దేరగానే వెనకే బయల్దేరాడు. దాక్కుంటూ వెళ్లాల్సిన పని కూడా లేదు. ఆమె అడుగు పడిన చోటల్లా నేల గుంట పడుతుంది. ఆ గుంటలు చూసుకుంటూ షెడ్డు దాకా వెళ్లి, తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని వెనక స్తంభం దగ్గర నిలబడ్డాడు. రంగనాయకమ్మ కుర్చీ వద్దని ముందు వరసలో నేల మీద కూర్చుని ఉంది.

తెర మీద వంతెన సగానికి తెగి వేలాడుతోంది. దూరంగా రైలు వస్తోంది. నీలం దుప్పటి మెడకు కట్టుకున్నవాడొకడు ఆకాశం నుంచి దిగి, తెగిన రెండు కొసల మధ్యా దూరి, అటొక చెయ్యి ఇటొక చెయ్యి వేసి పట్టుకున్నాడు. రైలు వాడి వీపు మీదుగా పోతోంది. ధర్మరాజ్ రిమోట్ నొక్కి బొమ్మ ఆపాడు.

"చూడండి. రెండు చేతులూ ఎలా చాపాడో" అన్నాడు తమిళంలో. "పై లోకం నుంచి తండ్రి పంపించిన కొడుకు. పేదవాళ్ల ఇంట్లో పెరిగాడు. స్నేహితుడే వీణ్ణి పట్టించాడు. అయినా అందరి బరువూ వీపు మీద వేసుకున్నాడు. ఎవరు గుర్తొస్తున్నారు?"

"మా కావలి దేవుడు మునియప్పన్ కూడా ఊరికి అడ్డం నిలబడతాడు" అంది పచ్చయమ్మాళ్ వెనక నుంచి.

"నిలబడనీ అమ్మా, మంచిదే కదా" అని నవ్వాడు ధర్మరాజ్.

నవ్వు కూడా ఎరే అనుకున్నాడు సుబ్బరాయన్. ముందుకెళ్లి నాలుగు మాటలు అడిగేద్దామని గొంతు సవరించుకున్నాడు. అంతలో రంగనాయకమ్మ చెయ్యెత్తింది.

"అయ్యా, ఒకటి అడగాలి. ఇట్లాంటివాళ్లవి నాలుగు సినిమాలు చూశాను. అందరూ మోస్తారు. మోసింది తర్వాత ఎక్కడ దించుతారో ఒక్కదాంట్లోనూ చూపించలేదు. ఇతను ఆ బరువు ఎక్కడ దించాడు?"

సుబ్బరాయన్ తువ్వాలు కిందికి జారింది. దానికోసమా ఈమె ఇక్కడికి వస్తున్నది? చేలో చేతులు చాపి చూసుకున్నది దానికోసమా?

ధర్మరాజ్ తెర వైపు చూశాడు. సినిమా ముందుకు నడిపాడు. వీరుడు చచ్చిపోయాడు, మూడో రోజు లేచాడు, జనం చప్పట్లు కొట్టారు. బరువు దించిన చోటు మాత్రం ఎక్కడా లేదు.

"లేదమ్మా. దించలేదు" అని ఒప్పుకున్నాడు. వచ్చి ఆమె ఎదురుగా నేల మీదే కూర్చున్నాడు. "మా ప్రభువు కథలో ఒక మనిషి ఉన్నాడమ్మా. సిలువ మోసుకుపోతుంటే దారిలో ఆయనకు శక్తి చాలలేదు. అప్పుడు పొలం నుంచి ఇంటికి పోతున్నవాణ్ణి ఒకణ్ణి సిపాయిలు పట్టుకుని, నువ్వు మొయ్యి అన్నారు. సీమోను అని అతని పేరు. కాస్త దూరం అతను మోశాడు. నేను ఈ సినిమాలన్నీ జల్లెడ పట్టాను. సిలువ దొరికింది, పట్టించినవాడు దొరికాడు, మూడో రోజు దొరికింది. ఆ పొలం మనిషి ఒక్కడే దొరకలేదు. అందరూ కింద నిలబడి చూసేవాళ్లే."

సుబ్బరాయన్ తన కాళ్ల వైపు చూసుకున్నాడు. పిక్కల మీద పొలం బురద ఇంకా ఆరలేదు. వీడు నన్ను చూసే చెబుతున్నాడా అని అనుమానం వచ్చింది.

"ఆ సీమోను తర్వాత మీ మతంలో కలిశాడా?" అని గట్టిగా అడిగాడు.

అందరూ వెనక్కి తిరిగారు. రంగనాయకమ్మ కూడా తిరిగింది, మొగుణ్ణి చూసింది, ఆశ్చర్యపోలేదు.

"అది రాసి లేదయ్యా" అన్నాడు ధర్మరాజ్. "మోశాడని మాత్రం ఉంది."

బయట వాన రేకుల మీద దంచి కొట్టి వెలిసింది. ఇద్దరూ ఇంటికి బయల్దేరారు. తారు రోడ్డు మీదుగా పోతే ఊరంతా చూస్తుందని వడివేలు దుక్కి దున్నిన చేలోకి సుబ్బరాయన్ దారి మళ్లించాడు. షెడ్డు నుంచి వస్తున్నాడని ఎవరైనా అంటే ఆయన పరువేం కాను?

"వద్దు మామా, తడి ఉండాది" అంది రంగనాయకమ్మ.

"మెల్లగా నడువు. ఏమీ కాదు."

చేను మధ్యకు రాకముందే ఆమె చీలమండల దాకా దిగింది. రెండడుగులు వేసి పిక్కల దాకా దిగింది. మూడో అడుగు వేయడానికి కాలు పైకి రాలేదు. ఆయన చెయ్యి పట్టి లాగాడు. కొండను లాగినట్టు ఉంది. మట్టి నెమ్మదిగా ఆమెను ఇంకాస్త లోపలికి తీసుకుంది. డాక్టరమ్మ అన్న మాట అప్పుడు వినిపించింది సుబ్బరాయన్‌కి, ఏడాది ఆలస్యంగా. ఊళ్లోకి కేకేద్దామని నోరు తెరిచాడు. ఎవరొస్తారు? పచ్చయమ్మాళ్ వస్తుంది, వడివేలు వస్తాడు. తాడు కట్టి లాగుతారు, రేపు మళ్లీ తిన్నె ఎక్కుతారు. ఆయన నోరు మూసుకున్నాడు. జన్మలో మొదటిసారి ఆయన అనుమానం సరైన మనుషుల మీదికి మళ్లింది.

ఆయన ఆమె ఎదురుగా బురదలో చతికిలబడ్డాడు.

"పచ్చయమ్మాళ్ ఏమి చెప్పినాది నీకు?"

"ఏంటికి మామా ఇప్పుడు? నీకు నడుము నొప్పి."

"దాచొద్దు. ఏమి చెప్పినాది?"

రంగనాయకమ్మ చెప్పింది. అల్లుడు కూతురి చెయ్యి విరగ్గొట్టిన సంగతి. సుబ్బరాయన్ భుజాలు దిగినట్టయ్యాయి, కూర్చున్న చోట మట్టి కుంగింది.

"అంతేనా? ఇంకేమి దాస్తా ఉండావు?"

ఇంతకాలం ఆమెను ఏడిపించిన ప్రశ్న అదే. ఇప్పుడు ఆ ప్రశ్నతోనే ఒక్కొక్కటీ బయటికి లాగాడు. ఒకటి చెబితే నమ్మేవాడు కాదు కాబట్టి రెండోది అడిగాడు. వడివేలు బోరు వచ్చింది. చచ్చిపోయిన అత్తల మీద కోడళ్లకున్న కోపాలు వచ్చాయి. ఊళ్లో ఎవరికీ తెలియని ఏడుపులు వచ్చాయి. ఎక్కితే గుడి మెట్టు చిట్లుతుందని కింద నుంచే దండం పెడుతున్నానని కూడా ఆమె చెప్పింది. చెప్పేకొద్దీ ఆమె కాళ్లు వాటంతట అవే పైకి తేలసాగాయి. లేచి నిలబడ్డ సుబ్బరాయన్ మోకాళ్ల దాకా దిగాడు.

"ఇంకేముండాది?"

"ఊరోళ్లది అయిపోయినాది."

"నీది?"

ఆమెను ఆ మాట ఎవరూ అడిగి ఉండలేదు. కొంగుతో మొహం తుడుచుకుంది.

"నీళ్లకు పోతే వెనకే వచ్చినావు" అంది. "పుట్టింటికి పోతే వెనకే వచ్చినావు. ఈరోజు వచ్చినావు. నేను చెప్పిన మాట ఒక్కటన్నా నువ్వు నమ్మినావా మామా? దానికంటే బరువైనది ఊళ్లో ఎవ్వరూ తెచ్చి నాకు ఇయ్యలేదు."

సుబ్బరాయన్‌కి ఏడుపు వచ్చింది. ఆయన ఒక్కసారిగా తొడల దాకా దిగిపోయాడు. రంగనాయకమ్మ కాళ్లు మట్టిలోంచి పూర్తిగా ఊడివచ్చాయి. గట్టు మీదికి ఎక్కి నిలబడి తన పాదాలు చూసుకుంది. కింద గడ్డి కూడా వంగలేదు. ఒక అడుగు వేసి చూసింది, ఇంకో అడుగు వేసి నవ్వింది. పెళ్లినాటి తర్వాత ఆమె అలా నవ్వగా ఆయన చూడలేదు.

చెయ్యి పట్టి లాగింది. ఆయన కదల్లేదు.

"ఉండు మామా. పార తెస్తాను" అంది. "తొవ్వి తీస్తాను."

ఇల్లున్న దిక్కుకు కాదు, ఆమె రోడ్డు వైపు నడిచింది. మట్టి మీద అడుగు గుర్తు కూడా పడటం లేదు, వెతుక్కుంటూ వెళ్లే వీలు ఎవరికీ లేదు. గట్టు మలుపు దగ్గర ఆమె కనుమరుగైంది. యాడికి పోతా ఉండావు అని సుబ్బరాయన్ అడగలేదు. తొడల దాకా బురదలో, ఊరందరి బరువుతో నిలబడి, ఆమె పార తెస్తుందని నమ్మి ఎదురుచూశాడు.