ఏడో కాగితం

పొద్దున్నే కొట్టు తలుపు తీయగానే, నిక్కచ్చి అని అందరూ పిలిచే ఆమె చేసే మొదటి పని కాగితాలు మార్చడం. అద్దాల బల్లలో వరసగా ఉన్న ఉంగరాల్ని ఒక్కోదాన్నీ పట్టకారుతో ఎత్తాలి. కిందున్న తడిసిన అద్దుడు కాగితాన్ని లాగేసి, పొడిది పరిచి, మళ్ళీ ఉంగరాన్ని దానిమీద కూర్చోబెట్టాలి. యుద్ధానికి వెళ్ళొచ్చిన ఉంగరాలకి చెమట పడుతుంది కదా. ఒక్కరోజు బద్ధకిస్తే కింది చెక్క ఉబ్బిపోతుంది, కొట్టంతా ముక్కిన వాసన కొడుతుంది. పక్కనున్న గడియారాల కొట్టాయన ముసురు పట్టినప్పుడల్లా, "మీ సిపాయిల చెమటకి నా గడియారాలు తుప్పు పడుతున్నాయమ్మా," అని సణుగుతాడు. వీధిలో ఆ విషయం మీద నడిచే చర్చ అంతవరకే.

ఫిరంగి గుండు తొడుగు ముక్కని రాతిమీద అరగదీసి కందకంలో కూర్చుని చేసుకున్న ఉంగరం, చెరలో పడ్డవాడెవడో పళ్ళ బ్రష్షు పిడిని వేడిచేసి వంచుకున్న ఉంగరం, దళం గుర్తు చెక్కిన వెండి ఉంగరం, అన్నిటిదీ ఒకటే తంతు. భయపడ్డ చెయ్యి మట్టిలో కలిసిపోయినా, ఉంగరం మాత్రం ఆ భయాన్ని వదలదు. సేనాధిపతుల ఉంగరాలు మాత్రం చాలావరకు పొడిగానే ఉంటాయి. అవి నకిలీవని కాదు. వాళ్ళు కాస్త దూరంగా నిలబడ్డారు, అంతే.

నిక్కచ్చి అన్నది ఆమెకి తండ్రి నుంచి వచ్చిన పేరు. ఆయన ఉంగరం చూసి నిజం అంటే నిజం, అబద్ధం అంటే అబద్ధం. చిన్నప్పుడే కూతురి చేతికి భూతద్దం ఇచ్చి నేర్పాడు. అసలు ఉంగరం అరచేతి వైపే అరుగుతుంది, తుపాకీ పట్టుకునేది ఆ వైపు కాబట్టి. చేత్తో చెక్కిన గీతకి అంచు ఉంటుంది, పోత పోసిన గీత అంచు అరిగిన సబ్బులా ఉంటుంది. చివరికి చెమట. అది ఉంగరం లోపలి అంచు చుట్టూ సమంగా ఊరాలి, ఒక్క మూల నుంచి కారకూడదు. పరీక్షకి కూర్చునే ముందు మన ఉంగరం తీసి మూత ఉన్న డబ్బాలో వెయ్యాలి, పాత లోహానికి గీత పడకుండా. ఆ అలవాటు ప్రకారం ఆమె పెళ్ళి ఉంగరం రోజూ ఇత్తడి డబ్బాలో పడుకునేది. డబ్బా అడుగున ఎప్పుడూ చిలుము. ఇత్తడి కదా అనుకునేది ఆమె.

తండ్రి పోయాక పెళ్ళయి ఈ కొట్టుకి వచ్చింది. భర్త మెతక మనిషి. వీధిలో ఎవర్నడిగినా అదే చెబుతారు. గొంతు పెంచి ఎరుగడు. అతను కొనుక్కొచ్చిన దాన్ని ఆమె నకిలీ అని తేలిస్తే, సరేనని తల ఊపేవాడు. తర్వాత వారం రోజులు మాట్లాడేవాడు కాదు. ఆమె కళ్ళజోడు కనిపించకుండా పోయేది. ఇల్లంతా వెతికి, ఏడుపు ముంచుకొచ్చాక, అతని సొరుగులోంచి బయటపడేది. "నువ్వే పెట్టుంటావు. ఈమధ్య నీకేం గుర్తుండట్లేదు," అనేవాడు జాలిగా. ఆమె స్నానానికి వెళ్తే బయట గడియ పడేది. "అయ్యో, మర్చిపోయాను." ఆమె పనిలో ఉన్నంతసేపూ వెనక నిలబడి, కుర్చీ వీపుమీద చెయ్యి వేసేవాడు. ఆమె మీద కాదు, కుర్చీ మీదే.

ఒకసారి అత్తగారి దగ్గర నోరు విప్పింది.

"కొట్టాడా?" అంది అత్తగారు.

"లేదు."

"తిట్టాడా?"

"లేదత్తయ్యా."

"తాగొచ్చాడా, ఇంకో ఇల్లు పెట్టాడా?"

"లేదు."

"మరేవిటమ్మాయ్ నీ బాధ? ఇదీ అని చూపించడానికి ఏమైనా ఉండాలి కదా." అంటూనే అత్తగారు ఎడమ పిడికిట్లో చేతిగుడ్డని బిగించి పట్టుకుంది. ఆ గుడ్డ ఎప్పుడూ ఆ చేతిలోనే ఉంటుంది. వయసు చెమట అంటుందావిడ.

అక్కకి ఫోన్ చేస్తే అక్కా అదే అంది. "మా ఆయనతో పోలిస్తే మీ ఆయన దేవుడే. నీకు చిన్నప్పట్నుంచీ ప్రతిదానికీ భూతద్దం పెట్టి చూడ్డం అలవాటు."

ఇలా ఉండగా ఓ సాయంత్రం భర్త ఆరు ఉంగరాలు తెచ్చి ఆమె ముందు పెట్టాడు. మంచుకొండల దళానివి, మేకకొమ్ముల గుర్తు ఉన్నవి. ఆ దళంలో తిరిగొచ్చినవాళ్ళు బహు తక్కువ. ఒక్క ఉంగరం బయటికొస్తేనే సేకరించేవాళ్ళు ఎగబడతారు.

"ఎక్కడివండీ ఇవి?"

"ఎవరిదో ఇల్లు పడగొడుతుంటే అటక మీద దొరికాయట."

ఆమె భూతద్దం పెట్టింది. కొమ్ముల అంచులు మొద్దుగా ఉన్నాయి. వెండిలో పోత వదిలిన సూదిమొన బెజ్జాలు. ఇక అరుగుదల చుట్టూ సమానం. పోసినవాడు చేతికి అరచెయ్యి ఉంటుందన్న మాటే మర్చిపోయాడు. ఆ పోసినవాడు ఎదురుగానే ఉన్నాడు, గోళ్ళలో ఇంకా మసి ఉంది.

"ఆరూ ఒకేలా అరిగాయి," అంది.

"ఒకే దళం కదా."

"చెమట లేదు."

"రేపటికి పడుతుందిలే. యుద్ధపు ఉంగరాలు పోగుచేసే ఆ తెల్ల గ్లౌజులాయన వస్తున్నాడు. ఆయనకి మీ నాన్న మాటంటే వేదం. నువ్వు నిజం అంటే తీసుకుంటాడు."

"నేను అబద్ధం చెప్పలేనండీ. మా నాన్న పేరొక్కటే నాకు మిగిలింది."

అతను కోప్పడలేదు. వంగి, ఆమె ముఖం మీంచి కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో శుభ్రంగా తుడిచి, తన జేబులో వేసుకున్నాడు.

"పాపం కళ్ళు అలిసిపోయాయి. రేపు ఆయన వచ్చాక ఇస్తాలే."

మర్నాడు కళ్ళజోడు లేకుండానే ఆమె బల్ల దగ్గర కూర్చుంది. అంతా మసకమసక. ఉంగరం తీసి డబ్బా కోసం తడిమింది. డబ్బా లేదు. వెనక గదిలో ఉప్పునీళ్ళు కలుపుకోవడానికి అతనే పట్టుకెళ్ళాడు. మేకకొమ్ముల కింద బోలుగా వదిలిన చోట, ఆ నీళ్ళలో నానేసిన దూది కుక్కుతున్నాడు. ఆమె ఉంగరాన్ని బల్లమీది పళ్ళెం అంచున పెట్టింది. కాసేపటికి ఆ పళ్ళెంలోకే అతను ఆరు ఉంగరాలూ వేసి, వచ్చినాయన్ని లోపలికి పిలవడానికి వెళ్ళాడు. కొనేవాళ్ళు వచ్చినప్పుడు కాగితాలు పరిచే పని అత్తగారిది. పళ్ళెంలో ఉన్న ప్రతిదీ కాగితం ఎక్కాలన్నది ఆ కొట్టు పద్ధతి. చూపు ఆనని ఆవిడ చేతికి తగిలినవన్నీ వరసగా కూర్చోబెట్టింది. ఆరు కూర్చోవాల్సిన చోట ఏడు కూర్చున్నాయి.

తెల్ల గ్లౌజులాయన పొడుగ్గా, మర్యాదగా ఉన్నాడు. ఇంట్లో ఒక గది నిండా యుద్ధమే ఉందట ఆయనకి. కాఫీ తాగుతూ, తాను పోగుచేసిన వాటి గురించి, పెళ్ళికొడుకుల తండ్రి కట్నకానుకలు వర్ణించినంత నిదానంగా చెప్పుకొచ్చాడు. మధ్యలో అత్తగారితో కాగితాలు ఒకసారి మార్పించాడు.

"మార్చిన కాగితాలు కూడా తడిశాయి. మంచిదే," అన్నాడు చివరికి. "ఇక మీరు చెప్పండమ్మా."

భర్త కళ్ళజోడు తెచ్చి ఆమెకి తగిలించాడు. తర్వాత వెనక్కెళ్ళి నిలబడ్డాడు. కుర్చీ వీపు కిర్రుమంది.

ఆమె మొదటి ఉంగరం ఎత్తింది. తడి ఒక్క మూలే, కొమ్ముల కిందే. "నిజమే," అంది. ఆ మాట తన నోట్లోంచే వచ్చిందని చెవులకి తెలియడానికి కాస్త సమయం పట్టింది. రెండోది నిజమే. మూడోది నిజమే. నాలుగోదాని దగ్గర తండ్రి ముఖం గుర్తుకొచ్చింది, దాన్ని పక్కకి తోసి నిజమే అంది. అయిదు, ఆరు కూడా అలాగే దాటేసింది. కుర్చీ మీద చెయ్యి వదులైంది.

"మరి ఇది?" అన్నాడు ఆయన.

ఏడో కాగితం తడవలేదు, నానిపోయింది. నీళ్ళు కాగితం దాటి, అద్దం మీద సన్నగా పారి, బల్ల అంచు నుంచి చుక్కలుగా కారుతున్నాయి. మధ్యలో సన్నటి బంగారు ఉంగరం, లోపలి అంచు చుట్టూ సమంగా ఊరుతోంది.

"అది మా ఆవిడదండీ, పొరపాటున వచ్చింది," అన్నాడు భర్త, అప్పుడే గమనించి చెయ్యి చాపుతూ.

"ఉండండి. కాగితం ఎక్కింది కదా, ఆవిడ చెప్పాలి." ఆయన ముందుకి వంగాడు. "ఇన్నేళ్ళలో ఇంత చెమట పట్టిన ఉంగరాన్ని నేను చూడలేదు."

నిక్కచ్చి దాన్ని వేలికొసతో తిప్పింది. పరిచయం లేని సిపాయి ఉంగరం చూసినట్టే చూసింది.

"బంగారం. రేకు చుట్టి అతికింది, పోత కాదు. అరుగుదల అరచేతి వైపే. పట్టుకోడానికి తుపాకీ లేదు కాబట్టి దేన్ని పట్టుకుని అరిగిందో చెప్పలేను. చెమట అన్ని వైపులా ఉంది. ఇది నిజం." ఊపిరి తీసుకుంది. "ఆ ఆరూ అబద్ధం. ఇందాక భయపడి చెప్పాను."

"ఆవిడకి ఒంట్లో బాగోదండీ," అన్నాడు భర్త మెత్తగా. "ఈమధ్య ఏదో ఒకటి ఊహించుకుని..."

ఆయన వినిపించుకోలేదు. మొదటి ఉంగరం తీసుకుని, కొమ్ముల కింద పట్టకారు కొస దూర్చి గుచ్చాడు. తడి దూది ముక్క బయటికొచ్చింది. దాన్ని చూసి భర్త మొదటిసారి కుర్చీ వదిలేశాడు.

"సరే. ఆ బంగారుది ఏ యుద్ధానిది?" అన్నాడు ఆయన. గొంతులో ఆశ ఉంది.

"ఇంకా నడుస్తోందండీ."

ఆశ ఆరిపోయింది. గ్లౌజులు ఒక్కో వేలూ లాగి తీశాడు. "అయితే నాకక్కర్లేదు. నేను అయిపోయిన యుద్ధాలవే తీసుకుంటాను. నడుస్తున్నవాటికి విలువ కట్టలేం." లేచాడు. "ఇంకో మాట. ఆరుసార్లు తప్పు చెప్పారు. మీ నాన్నగారైతే చెప్పేవారు కాదు. ఇకమీదట మీ మాట నమ్మమని నేనెవరికీ చెప్పలేను."

"మా నాన్న కూర్చున్న కుర్చీ వెనక ఎవరూ నిలబడలేదండీ," అంది ఆమె.

ఆయన చేతి గడియారం చూసుకుని వెళ్ళిపోయాడు.

ఆమె భూతద్దం చేతిసంచీలో వేసుకుంది. ఏడో కాగితాన్ని మడిచి ఇంకో అరలో పెట్టుకుంది. ఉంగరాన్ని ఉన్నచోటే వదిలేసి, పట్టపగలు, నలుగురూ చూస్తుండగా మెట్లు దిగింది. భర్త గుమ్మం దాకా వచ్చాడు. వీధిలో అందరూ ఉన్నారు కాబట్టి, మెతకగా నవ్వుతూ ఆగిపోయాడు.

అక్క తన ఇంట్లో ఆ కాగితాన్ని కిటికీ వెలుతురులో పెట్టి చూసింది. వేలితో తాకి, వేలిని నాలుకకి తగిలించుకుంది.

"ముందే ఎందుకు చెప్పలేదే?"

"చెప్పాను."

"ఇలా చెప్పలేదు."

ఇన్నేళ్ళు ఏడ్చి చెప్పినా పుట్టని నమ్మకం, అణా ఖరీదు చెయ్యని కాగితం ముక్క చెబితే పుట్టింది. అక్క బావతో చెప్పింది, బావ పెద్దలతో మాట్లాడాడు. అందరూ కాగితం చూశారు. ఎవరూ ఎదురాడలేదు. వెనక్కి వెళ్ళమని ఎవరూ అనలేదు. గెలిచినట్టే. గెలిచిన గొంతు తనది కాదని తెలిసింది ఆమెకొక్కదానికే.

ఉంగరాల వ్యాపారంలో ఆమె మాట ఎవరూ అడగరు ఇప్పుడు. గుండీల కార్ఖానాలో, వంకర బెజ్జాలున్న గుండీలు ఏరే పని దొరికింది. గుండీలు పొడిగా ఉంటాయి. వేలిమీది తెల్లటి మచ్చ కూడా మెల్లగా పొడిబారింది.

కొట్టు నడుస్తూనే ఉంది. ఆ ఉంగరాన్ని కొనేవాళ్ళు లేరు, పారేస్తే వీధిలో మాటొస్తుందని అతను పారెయ్యడు. పొద్దున్నే కాగితాలు మార్చేది ఇప్పుడు అత్తగారు. గడియారాల కొట్టాయన తలుపు తీసే వేళకి ఆవిడ బల్ల చివరికి చేరుకుని ఉంటుంది. బంగారు ఉంగరం కింద నానిన కాగితాన్ని లాగి, పొడిది పరుస్తుంది. తర్వాత కొడుకు రాలేదు కదా అని గుమ్మం వైపు ఒకసారి చూసి, ఇంకో పొడి కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, తన ఎడమ చేతి పెళ్ళి ఉంగరం కిందికి తోసి, పిడికిలి మూసేస్తుంది.