అన్ని నాబ్‌లూ నిటారుగా

ఇది చిన్న కథ. ఒక కోడలు, ఒక డబ్బా, ఒక మధ్యాహ్నం. టీ చల్లారేలోపు అయిపోతుంది. కాకపోతే ఆ ఇంటి కొలతలు చెప్పకుండా మొదలుపెడితే తర్వాత మీరే అడుగుతారు కాబట్టి, ముందు ఆ సంగతి చూద్దాం.

ఇంటికి రెండు గదులు. ముందు గది పొడవు తొమ్మిదడుగులు, వెడల్పు ఎనిమిది. అందులో ఒక మంచం, ఒక బీరువా, ఒక పాత కంప్యూటరు, ముగ్గురు మనుషులు. కొడుకుది వీధి చివర జిరాక్సు షాపు. పెళ్ళయిన కొత్తలో అతను ప్రతి మాటా రెండుసార్లు చెబుతున్నాడని కోడలు కంగారుపడింది గానీ, షాపుకి వెళ్ళి చూశాక అది జబ్బు కాదు, వృత్తి అని ఊరుకుంది. అతని తల్లి, అంటే మన అత్తగారు, ముప్ఫై ఏళ్ళు స్కూల్లో డ్రిల్లు టీచరు. రిటైరయ్యాక వరసలో నిలబెట్టడానికి పిల్లలు దొరక్క చెప్పుల్ని నిలబెట్టారు. తర్వాత గ్లాసులు, ఆ తర్వాత బట్టల క్లిప్పులు. ఆ ఇంటికి వెళ్ళి తిరిగొచ్చేటప్పుడు ఎవరి చెప్పులు వాళ్ళు వెతుక్కోనక్కర్లేదు. ఎత్తు ప్రకారం ఉంటాయి.

కోడలు మోటార్లకు రాగి తీగ చుట్టే షాపులో పని చేస్తుంది. పగలంతా అక్కడ తీగ చుట్టి, ఇంటికొచ్చి గిటారు తీగలు మీటుతుంది. ఆమె వేళ్ళకు ఆదివారం కూడా సెలవు లేదు.

ఇక డబ్బా. కోడలు పుట్టింటి నుంచి గిటారుతో పాటు తెచ్చుకున్న నల్లటి ఎఫెక్ట్స్ ప్రాసెసర్ అది. ఇటుకకంటే కాస్త పెద్దది. కాలితో నొక్కే పెడల్స్ నాలుగు, వేళ్ళతో తిప్పే నాబ్‌లు ఆరు, చిన్న తెర ఒకటి. గిటారు నుంచి ఒక వైరు తీగ అందులోకి వెళ్తుంది. లోపల ఆ శబ్దానికి ఏం కావాలంటే అది చేసుకోవచ్చు: గరగరలాడించవచ్చు, ప్రతిధ్వనిలా మళ్ళీ మళ్ళీ వినిపించవచ్చు, పెద్ద హాల్లో వాయించినట్టు మోగించవచ్చు. మైకు అక్కర్లేకుండా డబ్బా నుంచి నేరుగా కంప్యూటర్లోకి తీగ పెట్టి రికార్డు చేసుకోవచ్చు కాబట్టి, పక్కింటి మిక్సీ, ఎదురింటి కుక్క పాటలో దూరవు. ఎదురింటాయన మాత్రం తన కుక్కకి అవకాశం ఇవ్వలేదని కొన్నాళ్ళు ముభావంగా ఉన్నాడు.

ఆ హాలు మోతని రివర్బ్ అంటారు. అందరి డబ్బాల్లోనూ అది శబ్దాన్ని పెద్దది చేస్తుంది. ఈ డబ్బాలో గదిని కూడా పెద్దది చేస్తుంది. కోడలు మూడో పెడల్ నొక్కి ఒక తీగ మీటగానే తూర్పు గోడ వెనక్కి జరుగుతుంది, పై కప్పు లేస్తుంది, బీరువా దూరంగా చిన్నదై నిలబడుతుంది. వాయిస్తున్నంతసేపూ గది అలాగే ఉంటుంది. ఆపితే, ఆ మోత సన్నగిల్లేకొద్దీ గోడలు తిరిగొచ్చేస్తాయి.

వీధికి ఇది బాగా అలవాటైంది. వానరోజుల్లో పరుపులు ఆరేసుకోవాలన్నా, చుట్టాలు పదిమంది దిగినా, తలుపు దగ్గర నిలబడి, "ఏమ్మా, ఇవాళ వాయిస్తావా?" అని సంగీతం మీద ఎంతో ప్రేమ ఉన్నట్టు అడిగేవాళ్ళు. ఒకసారి బీమా ఏజెంటు దూరపు మూల కుర్చీ వేసుకుని పాలసీ వివరిస్తూ ఉండగా కోడలికి దాహం వేసి గిటారు పక్కన పెట్టింది. గోడ అతన్ని కుర్చీతో సహా తెచ్చి గుమ్మం బయట పెట్టింది. అతను దాన్ని జవాబుగా తీసుకుని వెళ్ళిపోయాడు.

అత్తగారికి ఆ డబ్బా మీద కోడలికంటే ఎక్కువ పట్టు వచ్చింది. రివర్బ్ నాబ్ గీత గడియారంలో తొమ్మిది మీద ఉంటే రెండు మంచాలు పడతాయి, పదకొండు మీద ఉంటే ముప్ఫై మంది కూర్చోవచ్చు, పన్నెండు మీద అరవై. మోత ఎన్ని క్షణాల్లో చస్తుందో లెక్కపెట్టి, చివరి పరుపుకి గోడ తగలకముందే లాగేయడంలో ఆవిడకు సాటి లేరు. సంగీతం వస్తుందా అంటే, "నాకు అంకెలు వచ్చు," అనేవారు.

ఆవిడకు లోపం లేదని కాదు. నాబ్‌లు తలో దిక్కూ చూస్తూ ఉంటే ఆవిడకు నిద్ర పట్టేది కాదు. దుమ్ము తుడిచే నెపంతో ఆరింటినీ నిటారుగా పన్నెండు మీదికి తిప్పేసేవారు. తిప్పగానే తెర మీద చిన్న చుక్క మిణుకుమిణుకుమంటుంది, మార్చినది దాచుకోవాలా వద్దా అని అడుగుతుందన్న మాట. మిణుకుమనేది ఏదైనా ఆవిడకు క్రమశిక్షణ లేనట్టే. కోడలు నొక్కే బొత్తాం చూసి ఉన్నారు కాబట్టి అదే నొక్కి ఆర్పేసేవారు. ఇంట్లో కోడలు మళ్ళీ సర్దుకునేది. "అత్తయ్యా, వంకరగా ఉంటేనే అవి పని చేస్తాయి," అని చాలాసార్లు చెప్పింది. "మనుషులూ అలాగే అంటారు," అనేవారు అత్తగారు.

కథ ఇప్పుడు మొదలవుతుంది. టీ చల్లారితే వేడి చేసుకోండి.

ఆ ఊళ్ళో ఒకే ఒక ఆర్కెస్ట్రా. దాని గిటారిస్టు బేకరీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఆ స్థానం కోడలికి కావాలి. కంప్యూటర్లో నలభై మూడు పాటలు రికార్డు చేసుకుంది. వాటిని అప్పటిదాకా విన్నది మొగుడూ, అత్తగారూ, పరుపులూ. మనుషుల ముందు వాయించాలని ఆమెకు ఎంత ఉందంటే, మోటారు షాపులో తీగ చుట్టేటప్పుడు వేళ్ళు వాటంతటవే పాట కట్టేవి, రెండు మోటార్లు చుట్లు తప్పాయి కూడా.

ఆర్కెస్ట్రా మాస్టారికి రెండు పట్టింపులు. ఎవరినైనా ఎదురుగా ఒక్కసారే వింటాడు, రెండోసారి అడగకూడదు. ఒకసారి మాట అంటే వెనక్కి తీసుకోడు. దానివల్ల ఆయనకు ఇప్పటికే ఇద్దరు బావమరదులతో మాటల్లేవు. కోడలు పంపిన రికార్డింగు ఒకటి విని ఆయన అన్న మాట ఊరంతా పాకింది: "వాయించేది ఆ అమ్మాయి కాదు, డబ్బా. ఉద్యోగం ఇవ్వాల్సి వస్తే డబ్బాకే ఇస్తాను." అయినా మిల్లు కార్మికుల హాల్లో జరిగే ఆర్కెస్ట్రా వార్షికోత్సవంలో ఒక అరగంట ఇచ్చాడు. చివరి వరసలో తలుపు పక్కన చేతులు కట్టుకుని కూర్చుని వింటానన్నాడు.

"విన్నాక చూస్తారు మా కోడలంటే ఏమిటో," అని అత్తగారు క్లినిక్ వరసలోనూ కుళాయి దగ్గరా చెప్పొచ్చారు. రెండు చోట్లా వరస సరిచేసి మరీ చెప్పారు.

కోడలికి సలహా ఇచ్చింది హలో బాబాయి. ఊళ్ళో మైకులన్నీ ఆయనవే. నలభై ఏళ్ళుగా "హలో, హలో" తప్ప స్టేజీ మీద మరో మాట మాట్లాడలేదు, అందుకని ఊరికి ఆయన మీద గౌరవం.

"ఇంట్లో హెడ్‌ఫోన్స్‌లో కట్టుకున్న శబ్దం స్టేజీ మీదికి తేకు తల్లీ," అన్నాడు ఆయన. "ఇంట్లో గది చిన్నది కాబట్టి హాలు కలుపుకున్నావు. అక్కడ హాలు ముందే ఉంది. హాలుకి హాలు కలిపితే ఏమవుతుంది?"

"మోత ఎక్కువై స్వరాలు కలిసిపోతాయి."

"నీ డబ్బా సంగతి అక్కడితో ఆగదు."

కోడలు వారం కూర్చుని స్టేజీ కోసం వేరే అమరిక చేసింది. రివర్బ్ సున్నా. గరగర సగం. మధ్యస్థాయి స్వరాలు కొంచెం పైకి, డప్పుల్లో మునిగిపోకుండా. ఆ రోజు పొద్దున హాల్లో సరిచూసుకుంటే, స్వరం గాజు ముక్కలా శుభ్రంగా పలికింది, గోడలు అంగుళం కదల్లేదు. హలో బాబాయి "హలో" అని ఒకే ఒకసారి అన్నాడు. ఆయన తృప్తిపడితే అంతే.

మూడున్నరకి హాలు నిండిపోయింది. కుర్చీలు మూడు వందలు. చోటు దొరకనివాళ్ళు మరో అయిదు వందల మంది కిటికీల దగ్గర, మెట్ల మీద. కోడలు లోపల గిటారు శ్రుతి చేసుకుంటోంది. మొదటి వరసలో కూర్చున్న అత్తగారికి స్టేజీ మీద డబ్బా కనిపించింది. తివాచీ దుమ్ము దాని మీద పడింది. కోడలి డబ్బా, ఎనిమిది వందల మంది ఎదుట, దుమ్ముతో. ఆవిడ లేచి వెళ్ళి చీర చెంగుతో తుడిచారు. నాబ్‌లు ఆరూ తలో దిక్కూ చూస్తున్నాయి. ఊరంతా చూస్తోంది కదా, ఇవాళైనా పద్ధతిగా ఉండాలని నిటారుగా నిలబెట్టారు. చుక్క మిణుకుమంది. నొక్కి ఆర్పేశారు. దిగొచ్చి పక్కావిడతో, "ఆ డబ్బా మా ఇంటిదే," అన్నారు.

కోడలు వచ్చింది, తల వంచి నమస్కారం చేసింది, మొదటి తీగ మీటింది.

వెనక గోడ వెళ్ళిపోయింది. గోడతో పాటు చివరి వరస, చివరి వరసలో మాస్టారు, చేతులు కట్టుకునే, చీమంత అయ్యేదాకా వెళ్ళిపోయారు. పై కప్పు ఫ్యాన్లతో సహా లేచింది. మధ్యలో ఉన్న హలో బాబాయి మిక్సర్ బల్లతో పాటు అర ఫర్లాంగు అవతల తేలాడు. లోపల ఖాళీ కనబడగానే బయటున్న అయిదు వందల మందీ చంకల్లో పిల్లలతో లోపలికి నడిచి వచ్చేశారు. చోటుందంటే రాని ఊరు కాదు అది.

కోడలికి తీగ మీద చెయ్యి ఉండగానే మొత్తం అర్థమైంది. ఆపితే మోత ఆరు క్షణాల్లో చస్తుంది. ఇంట్లో అయితే గోడ ముందు ఒక పరుపు. ఇక్కడ ఎనిమిది వందల మంది, మూడు వందల మందికి కట్టిన హాలు. నాబ్ తిప్పాలంటే వంగాలి, వంగాలంటే వాయించడం ఆపాలి. హలో బాబాయి శబ్దం తగ్గిస్తే గోడ వచ్చిపడిన పాపం తనదవుతుందని బల్ల మీంచి చేతులు తీసేసి కూర్చున్నాడు. ఒక్కసారే వినే మనిషి ఎక్కడో దూరంగా ఉన్నాడు. కోడలు తల ఎత్తలేదు. మొదటి పాట అయిపోగానే ఊపిరి తీసుకోకుండా రెండోది ఎత్తుకుంది.

అత్తగారు స్టేజీ ఎక్కారు. డబ్బా పక్కన బాసింపట్టు వేసుకుని కూర్చుని, నాబ్‌ల వంక ఒకసారి చూసి, కోడలికి మాత్రమే వినబడేలా అన్నారు.

"నేనే తిప్పాను."

"తెలుసత్తయ్యా."

"నువ్వు వాయించు. లెక్క నేను చూస్తాను."

ఆ తర్వాత జరిగింది డ్రిల్లు. అత్తగారి మెడలో ఎప్పుడూ వేలాడే విజిల్ బయటికొచ్చింది. ఒక విజిల్‌కి వెనక వరస లేచి నిలబడింది. రెండో విజిల్‌కి ఎత్తు ప్రకారం సర్దుకుంది. ఊళ్ళో సగం మంది ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్ళే, మిగతా సగం వాళ్ళని చూసి నేర్చుకున్నారు. పక్క తలుపుల గుండా బయటివాళ్ళు బయటికి, కోడలి పాటకు అడుగు వేస్తూ నడిచారు. ఒక వరస వెళ్ళగానే అత్తగారు నాబ్‌ని వెంట్రుకవాసి తిప్పేవారు. వెనక గోడ సరిగ్గా ఒక వరసంత దగ్గరికొచ్చి ఆగేది. కోడలు ఒక్కో పాటకీ ఒక్కో రంగు మార్చింది. కాలితో నొక్కి ఒకసారి గరగరగా, ఒకసారి నీళ్ళలోంచి వచ్చినట్టు. పరుపుల ముందు వాయించిన నలభై మూడు పాటల్లో పదకొండు అయిపోయాయి. అరగంట ఎప్పుడో దాటింది, ఎవరూ గడియారం చూడలేదు.

పదకొండో పాట చివరికి వచ్చేసరికి రివర్బ్ సున్నాకు చేరింది, హాలు తన కొలతకు వచ్చి నిలబడింది. ఒక్క కుర్చీ కాలు వంగలేదు. చివరి స్వరం ఒంటరిగా, ఏ హాలూ తోడు లేకుండా, వేళ్ళ నుంచి వచ్చింది వచ్చినట్టే పలికి ఆగింది.

ముందుగా చప్పట్లు కొట్టింది జిరాక్సు కొడుకు. రెండుసార్లు కొట్టాడు.

అప్పటికి మాస్టారు స్టేజీ ముందున్నాడు. మొదటి పాట నుంచీ నడుస్తూనే ఉన్నాడట. అంత దూరం నుంచి అంత దగ్గరికి ఒక మనిషి వాయించడం వింటూ నడవడం ఆయనకు అదే మొదలు. కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. బాగుందని అనడానికి నోరు తెరిచాడు. తాను అన్న మాట గుర్తొచ్చి మూసుకున్నాడు. ఊరంతా ఆ మాట కోసమే చూస్తోంది.

"ఉద్యోగం డబ్బాకే ఇస్తానన్నాను," అన్నాడు చివరికి. "అన్నమాట అన్నమాటే. ఆ డబ్బా నడిపింది టీచరుగారు. కాబట్టి గిటారిస్టు స్థానం టీచరుగారిదే."

కోడలు గిటారు పట్టీ భుజం మీంచి తీయబోయింది. అత్తగారు చీర చెంగుతో డబ్బాని మరోసారి తుడిచి, నాబ్‌లని ముట్టుకోకుండా లేచారు.

"సంతోషం," అన్నారు. "అయితే మాస్టారూ, ఆ డబ్బాకి ఒక తీగ ఉంది. దాని చివర మా కోడలు ఉంటుంది. ఊడదీయడం కుదరదు. తీగతో సహా వస్తాను."

మాస్టారు ఆలోచించాడు. తీగ గురించి ఆయన ఎప్పుడూ ఏమీ అనలేదు.

ఇప్పుడు ఆర్కెస్ట్రా ఏ ఊరికి వెళ్ళినా పోస్టరు మీద గిటారిస్టు ఫోటో అత్తగారిదే; విజిల్‌తో సహా, నిటారుగా. కింద చిన్న అక్షరాల్లో "తీగ: కోడలు" అని ఉంటుంది. ఆ చిన్న అక్షరాలు చదవడానికి జనం పోస్టరు దగ్గరకంటా వస్తున్నారని హలో బాబాయి చెబుతాడు. కోడలు మోటారు షాపు మానేసింది. ఎక్కడ వాయించినా హాలు సరిపోలేదన్న మాట రాలేదు, ఒక్క మనిషీ బయట నిలబడలేదు.

డబ్బా ఊరూరూ తిరుగుతోంది కాబట్టి ఇల్లు మళ్ళీ తొమ్మిదడుగులు, ఎనిమిది అయింది. వీధిలో పరుపులు మేడ మీద ఎండేస్తున్నారు. జిరాక్సు కొడుకు ఒక్కడే ఉంటున్నాడు. సరిపోతుంది, సరిపోతుంది అంటాడు.